ఆయన లేరండీ

స్క్రిప్టు చదువుతున్న గంట రెండో పేరా దగ్గర ఆగిపోయాడు.

“అక్కా, ఈ గోల్‌కీపర్ ఎప్పుడు పోయాడు?”

“మే నెలలో,” అంది తేదీలక్క, టీ చల్లార్చుకుంటూ.

“ఎవరు చెప్పారు?”

“వాళ్ళింట్లోవాళ్ళే. ఫోన్ చేసి కనుక్కున్నాను.”

గంట కాగితాలు బల్ల మీద పెట్టాడు. అతను పొద్దుటి అనౌన్సరు. పావుగంటకోసారి టైము చెబుతాడు కాబట్టి రేడియో స్టేషన్లో అందరూ గంట అనే పిలుస్తారు. ఆరున్నరకు ఊరి వార్తలు చదివేదీ అతనే. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో పేరున్నవాళ్ళు ఎవరు పోయినా ఆ కబురు అతని నోటి మీదుగానే బయటికి వెళ్ళింది.

“మే నెలంతా నాదే డ్యూటీ. నేను చదవకుండా ఎవరు పోతారక్కా?” అన్నాడు. “అందులోనూ ఈయన. ఫైనల్లో పెనాల్టీ ఆపినాయన పోతే వార్త రాదా?”

నవ్విద్దామనే అన్నాడు గానీ ఆమె నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది. గోడగడియారంలో ఆరుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. ‘ఈ తేదీన’ కార్యక్రమం ఆరూ నలభైకి.

అది ఐదు నిమిషాల కార్యక్రమం. అదే తేదీన జరిగిన సంగతులు రెండు మూడు, ఆ రోజున పుట్టినవాళ్ళలో ఒకరిద్దరి గురించి నాలుగు ముక్కలు. ఇరవయ్యారేళ్ళుగా దాన్ని రాస్తున్నది ఆమే. వచ్చింది టైపిస్టుగా. అప్పటికి తేదీల వివరాలన్నీ చెప్పుల పెట్టెల్లో, పాత కవర్ల వెనకాల, ఎవరికి దొరికిన చోట వాళ్ళు రాసి పడేసి ఉండేవి. మధ్యాహ్నాలు పనిలేనప్పుడు ఆమె వాటిని విప్పి సర్దడం మొదలుపెట్టింది. మొదట్లో అది సొంత పనే. తను ఏ రోజున పుట్టిందో ఆమెకు తెలియదు. స్కూల్లో చేర్చిన రోజున గుమాస్తా తనకు తోచిన తేదీ ఒకటి వేసేశాడు. వాళ్ళమ్మను అడిగితే, “వరదొచ్చిన ఏడాదే. నీళ్ళు తీసిన మూడో రోజు” అనేది. వరద ఎప్పుడొచ్చిందో పెట్టెల్లో దొరుకుతుందని వెతికింది. దొరికింది, కాకపోతే ఆ ఏడాది వరద రెండుసార్లు వచ్చిందని రాసి ఉంది. అప్పటికి సగం పెట్టెలు సర్దేసింది. మిగతా సగం వదిలిపెట్టబుద్ధి కాలేదు.

తరవాత వడ్రంగి చేత బీరువా చేయించింది. రోజుకో అర. వడ్రంగి మూడువందల అరవై ఐదు అరలు చేసి, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది సంగతి తనకెవరూ చెప్పలేదన్నాడు. ఆ ఒక్క రోజు ఇప్పటికీ బీరువా మీద బిస్కట్ల డబ్బాలో ఉంది.

అరల్లో కార్డులు. ఆమె పని పద్ధతి చిన్నదే, కానీ తప్పదు. మనిషి బతికున్నంతకాలం కార్డు మీద నీలం పెన్సిలుతో ‘జన్మదినం’ అని ఉంటుంది. పోయాడని రూఢి అయితే దాన్ని రబ్బరుతో తుడిచి, నల్లసిరాతో ‘జయంతి’ అని రాస్తుంది. పోయిన తేదీకి ‘వర్ధంతి’ అని ఇంకో కార్డు వేస్తుంది. పెన్సిలు తుడిస్తే పోతుంది, సిరా పోదు. ఏటా మే నెలలో, పని పలచగా ఉన్నప్పుడు, బతికున్నవాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా ఫోన్ చేసి కనుక్కుంటుంది. కరెంటు మీటర్ల రీడింగు తీసే భర్త ఆమెను ఏడిపించేది దీనికే. “నేను ఇళ్ళకెళ్ళి ఎంత కాల్చారో చూస్తాను, నువ్వు ఫోన్ చేసి ఎవరు మిగిలారో చూస్తావు. మన ఇద్దర్నీ ఎవరూ లోపలికి రమ్మనరు.”

ఆగస్టులో ఒక తప్పు జరిగింది. చనిపోయి రెండు నెలలైన ఒక పాటగాడికి నిండు నూరేళ్ళు బతకమని రేడియోలో శుభాకాంక్షలు వెళ్ళాయి. ఆయన కూతురు ఫోన్ చేసి, ఏమీ అనకుండా చాలాసేపు ఏడ్చి పెట్టేసింది. మర్నాడు ఆఫీసరు ఆమెకు మెమో ఇచ్చాడు. ఇంకొక్క తప్పు వస్తే కార్డులు కంప్యూటర్ల విభాగానికి, ఆమె ఉత్తరాల విభాగానికి. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఉత్తరాల మీద ముద్ర కొట్టడం అవమానమని ఆమె అనుకోలేదు. కార్డులు తనవి కాకుండా పోవడమే ఆమె ఊహించలేకపోయింది. అప్పటినుంచి డ్యూటీ లేకపోయినా తెల్లారేసరికి వచ్చి, గంట పక్కన కూర్చుని స్క్రిప్టు చదివించుకుంటోంది.

ఇప్పుడామె లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది. అక్టోబరు పదిహేడు అర లాగింది. గోల్‌కీపర్ కార్డు మీద తన రాతే. నల్లసిరా. కింద చిన్న అక్షరాలతో: ‘ఇంటికి ఫోన్ చేశాను. లేరు. మే 9.’

“ఏమన్నారో గుర్తుందా?” అన్నాడు వెనకే వచ్చిన గంట.

గుర్తుంది. అవతల మాట్లాడింది ఆయన కోడలు. రేడియో నుంచి అని చెప్పి ఆయన్ని అడిగితే, “ఆయన లేరండీ” అంది. అయ్యో, ఎప్పుడండీ అంటే, “తొమ్మిదో తారీఖున వెళ్ళిపోయారు” అంది. తర్వాత తనే అంది, “ఇల్లంతా బోసిగా ఉందండీ. మా చిన్నది తాతయ్య కావాలని ఇంకా ఏడుస్తూనే ఉంది.” ధైర్యంగా ఉండమ్మా అని ఈమె పెట్టేసింది.

మే నుంచి ఆ మాటలు ఆమెకు ఒక్క రకంగానే వినపడ్డాయి. ఇప్పుడు బీరువా ముందు నిలబడి మళ్ళీ అనుకుంటే, ఒక్కో మాటా రెండో వైపుకు తిరిగింది. లేరు. వెళ్ళిపోయారు. బోసిగా ఉంది. అందులో చావు అన్న మాట లేదు.

“ఊరెళ్ళాడేమో,” అంది, తనలో తను.

“అదే నేనూ అనుకుంటున్నా,” అన్నాడు గంట.

ఆమె కార్డు మీది నంబరుకు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. మూడోసారీ అంతే. గడియారం ఆరు దాటి రెండు నిమిషాలు.

“నేనొకటి చెప్తా విను,” అన్నాడు గంట. “జయంతీ వద్దు, జన్మదినమూ వద్దు. ‘ఇదే రోజున జన్మించారు’ అని చదివేస్తా. ఉన్నా పుట్టాడు, పోయినా పుట్టాడు. గొడవ వదిలిపోతుంది.”

“మనకి వదిలిపోతుంది. ఆ ఇంట్లో వినేవాళ్ళకి తెలిసిపోదూ, ఆయన ఉన్నాడో లేడో మనకే తెలీదని?”

“అయితే ఐటమే ఎత్తేద్దాం.”

“నిన్న పొద్దున నువ్వేగా చెప్పావు, రేపు గోల్‌కీపర్ గురించి అని. రెండు నిమిషాల టేపు కూడా ఉంది. ఆ రెండు నిమిషాలూ ఏం చేస్తావ్? పాట పాడతావా?”

“నా పాట వింటే నిజంగానే పోతారు.”

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. పాత మిల్లు క్వార్టర్లు స్టేషన్ వెనక మైదానం దాటితే వస్తాయి. నడిస్తే పదిహేను నిమిషాలు. అక్కడ ఎక్కడో ఓ ఫోన్ దొరకకపోదు.

“ఆరూ ముప్ఫై అయిదులోపు కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తాను. ఉన్నారంటే జన్మదినం, లేరంటే జయంతి. ఫోన్ రాలేదంటే నువ్వు చెప్పినట్టే చదువు.” పెన్ను తీసి మొదటి కాగితం మీద ‘జయంతి’ కొట్టేసి, పైన ‘ఇదే రోజున జన్మించారు’ అని రాసి అతని చేతిలో పెట్టింది. “మర్చిపోకు తమ్ముడూ.”

“నువ్వు పరిగెత్తకు. ఈ రోజు ఒక్కరితో సరిపెట్టుకుందాం,” అన్నాడు గంట.

మైదానంలో గడ్డి తడిగా ఉంది. అడ్డంగా నడిచింది, అంచు పట్టుకుని తిరిగివెళ్ళే వ్యవధి లేదు. అవతలి గోడకున్న కంత గుండా దూరి క్వార్టర్ల మొదటి వరసలోకి వచ్చేసరికి చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. కార్డు మీద ఇంటి నంబరు నలభై మూడు. ఈ వరసలో తలుపుల మీద ‘సి పన్నెండు’, ‘సి పదమూడు’ అని కొత్తగా రంగేసి ఉంది. పాత అంకెలు సున్నం కింద కలిసిపోయాయి. కుళాయి దగ్గర బిందె పెట్టిన ఒకావిడను అడిగింది.

“నలభై మూడా? ఏమోనమ్మా, నంబర్లన్నీ మార్చేశారు. ఎవరు కావాలి మీకు?”

“గోల్‌కీపర్ గారిల్లు.”

“ఆయన…” అని ఆవిడ, బిందె నిండిందేమోనని ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగింది. “మూడో వరసలో చివరిది. గేటుకి సైకిలు చైను కట్టి ఉంటుంది.”

ఆయన ఉన్నాడా అని అడగడానికి నోరు రాలేదు. ఎలా అడుగుతారు? చేతిగడియారం ఆరూ ఇరవై రెండు.

మూడో వరస చివర వీధిని అడ్డంగా తవ్వి ఉంది. గొట్టాలు వేయడానికి తీసిన గోతిలోంచి టెలిఫోన్ తీగ తెగి వేలాడుతోంది. మోగి మోగి ఎవరూ ఎత్తకపోవడానికి కారణం అదే. గేటుకు సైకిలు చైను ఉంది. ఇంటిముందు గట్టు మీద ఆడవాళ్ళ చెప్పులు, పసిపిల్ల చెప్పులు. మగవాళ్ళ చెప్పులు కనపడలేదు.

తలుపు తీసింది కోడలు. చేతులకు పిండి.

“రేడియో స్టేషన్ నుంచమ్మా. మేలో నేనే ఫోన్ చేశాను.”

“ఓ, మీరా!” కోడలి ముఖం విచ్చుకుంది. “నన్ను ధైర్యంగా ఉండమన్నారే, మీరే కదూ? మా ఆయనతో చెప్పి ఎంత నవ్వుకున్నామో. మామగారు కూతురింటికి రెండు నెలలు ఉండొస్తానని వెళితే, రేడియోవాళ్ళు నాకు ధైర్యం చెప్పారని.”

తేదీలక్క ద్వారబంధం పట్టుకుంది.

“ఎవరమ్మా?” లోపలినుంచి మగగొంతు. కాస్త బొంగురు.

“మామయ్యా, రేడియో నుంచి! మీ పుట్టినరోజని మనిషే వచ్చారు!”

ఆయన వచ్చాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. చెప్పులు కాలికే ఉన్నాయి, ఇంట్లో కూడా. వేళ్ళు రెండు వంకరగా ఉన్నాయి. ఆమె నమస్కారం పెట్టి, ఇంకేం మాట్లాడకుండా, “బాబాయిగారూ, దగ్గర్లో ఫోన్ ఎక్కడుంది?” అంది.

“మాది పదిరోజులుగా పనిచెయ్యట్లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. మెడికల్ షాపులో ఉంది గానీ వాడు ఏడైతే గాని తియ్యడు. ఏం, అంత తొందరేమిటి?”

ఆరూ ముప్ఫై ఒకటి. వెనక్కి పరిగెత్తినా స్టేషన్ చేరేసరికి నలభై దాటుతుంది.

“ఏం లేదండీ,” అంది. గంటకు చెప్పే వచ్చింది. జన్మించారు అని చదువుతాడు. అది అబద్ధం కాదు. అంతకంటే చెడు జరగదు.

“కూర్చోమ్మా. ఏటా ఇక్కడే కూర్చుని వింటాను. ఈసారి రేడియో మనిషే పక్కన ఉంది.” ఆయన రేడియో ముందుకు జరిపి, దాని శబ్దం పెంచాడు. వార్తలు నడుస్తున్నాయి. గంట గొంతు మామూలుగానే ఉంది. కోడలు చేతులు కడుక్కుని, పిల్లను ఒళ్ళో వేసుకుని కింద కూర్చుంది. తేదీలక్కకు ఇచ్చిన కుర్చీ గోడకు ఆనించి ఉంది, కాళ్ళు సమంగా లేవు, కదిలితే టక్కున శబ్దం.

“ఈ తేదీన,” అన్నాడు గంట.

రైలు వంతెన మీద మొదటి బండి నడిచిన సంగతి చదివాడు. మిల్లు తగలబడి పదిహేడు రోజులు పొగ ఆగని సంగతి చదివాడు. ఆ పొగ తాను చూశానని గోల్‌కీపర్ తలూపాడు. అప్పుడు గంట ఒక్క క్షణం ఆగి, “మన ఊరి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ ఇదే రోజున జన్మించారు,” అన్నాడు.

పెద్దాయన ఏదో ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నట్టు రేడియో వంకే చూశాడు. ఆ మాట రాలేదు. టేపు మొదలైంది. పాత వ్యాఖ్యానం, జనం అరుపులు. ఆయన పెదవులు వ్యాఖ్యాత కంటే ఒక మాట ముందు కదులుతున్నాయి.

తేదీలక్కకు రెండో కాగితం అప్పుడు గుర్తొచ్చింది.

టేపు అయ్యాక చదవాల్సిన ముగింపు వాక్యం రెండో కాగితం మీద ఉంది. ‘స్టేషన్ తరఫున ఆయన స్మృతికి నివాళి.’ మొదటి కాగితం మీద కొట్టేసింది గాని రెండోది తిప్పనే లేదు. గంట పొద్దున చదువుతూ రెండో పేరా దగ్గరే ఆగాడు. చివరిదాకా వెళ్ళలేదు. స్టూడియోలో ఎర్రదీపం వెలిగాక కాగితం మీద ఏముంటే అది నోట్లోంచి వచ్చేస్తుంది. పదకొండేళ్ళ అలవాటు.

లేచి రేడియో కట్టేయాలనిపించింది. పొరపాటున చెయ్యి తగిలినట్టు. చేతికందే దూరమే. ఆమె చెయ్యి కుర్చీ పక్కనుంచి లేచి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఈ ఇంట్లో ఆపినా ఊళ్ళో ఆగదు.

టేపులో జనం ఒక్కసారి గొల్లుమన్నారు. “ఆపేశాడు! ఆపేశాడు!” అని వ్యాఖ్యాత అరుస్తుండగా టేపు అయిపోయింది.

“స్టేషన్ తరఫున ఆయన స్మృ…” అన్నాడు గంట.

తర్వాత దగ్గు వినపడింది. కాగితం గరగరలాడింది. రేడియోలో ఎన్నడూ లేనంతసేపు ఏమీ వినపడలేదు. “క్షమించాలి. సమయం ఆరు గంటల నలభై నాలుగు నిమిషాలు,” అన్నాడు. వేణువు మొదలైంది.

కోడలు ముందు నవ్వింది. “పాపం, పొలమారింది.” తర్వాత, “ఏదో అనబోయాడు కదా మామయ్యా? స్మృ… అంటే?” అంది. అడిగాక, జవాబు తనకే తట్టినట్టు ముఖం మారింది.

పెద్దాయన రేడియో కట్టేశాడు.

“స్మృతో మొదలయ్యే మాట నాకు ఒక్కటే తెలుసు,” అన్నాడు. “నేను పోయానా అమ్మా?”

ఆమె కుర్చీలోంచి లేచింది. “పోయారండీ. మా కార్డులో. మే తొమ్మిదిన.”

“ఏ పూట?”

“పూట రాయలేదు.”

“పోనీలే,” అన్నాడాయన. నవ్వలేదు. “ఎవరు చంపారు?”

“నేనే. ఈ అమ్మాయి లేరంది. ఎక్కడ లేరని నేను అడగలేదు.”

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కాసేపు తన వంకర వేళ్ళను నిమురుకుంటూ ఉండి, అడిగాడు, “అంటే జూలైలో కూడా నేను లేనా?”

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. ఆ ఆటకు యాభై ఏళ్ళయిన సందర్భంగా జూలైలో స్టేషన్ ఒక కార్యక్రమం చేసింది. జట్టులో మిగిలిన ఆటగాళ్ళను పిలిపించింది. ఎవరు మిగిలారో జాబితా రాసి ఇచ్చింది తనే, బీరువాలోంచి తీసి. ముగ్గురు.

“లేరండీ,” అంది. ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే విని, ఆగిపోయింది.

“నేను ఇక్కడే ఉన్నాను జూలైలో. మూడో తారీఖుకే వచ్చేశాను. పిలుస్తారని చొక్కా ఉతికించి పెట్టుకున్నాను.” ఆయన కోపంగా మాట్లాడలేదు. కోపంగా మాట్లాడితే ఆమెకు తేలికగా ఉండేది. “ఆ రోజు రేడియో పెట్టనివ్వలేదు ఈ పిల్లను. నేనేమనుకున్నానో తెలుసా? ఆ పెనాల్టీ ఆపాక పేపర్లో నా బొమ్మ ఒక్కటే వేశారు. ఆడింది పదకొండుమంది. దానికి వాళ్ళకి చాలాకాలం మంట. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబోలు, అందుకే నన్ను పిలవద్దన్నారు అనుకున్నాను. మూడు నెలలు. రాత్రిపూట వాళ్ళతో మనసులో పోట్లాడాను కూడా.”

“వాళ్ళు మీ గురించి అడిగారండీ. నేనే చెప్పాను, మేలో… అని. లెఫ్ట్ బ్యాక్ గారైతే, రెండు నెలలయ్యాక ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికెళ్ళి పలకరించను అన్నారు.”

పెద్దాయన తల వంచుకున్నాడు. కోడలు పిల్లను లోపలికి తీసుకుపోయింది.

“నేను రేపు రేడియోలో సరిచేయిస్తాను,” అంది తేదీలక్క.

“వద్దు. ‘ఈయన పోలేదు’ అని చెబుతారా? బజారుకెళ్ళానంటే ప్రతివాడూ గిల్లి చూస్తాడు. రేడియోలో ఏం వద్దు. ఆ ముగ్గురికీ చెప్పు. అది చాలు.”

ఆమె మైదానం అంచు వెంబడే తిరిగివెళ్ళింది. ఇప్పుడు పరిగెత్తాల్సిన పని లేదు. స్టేషన్ గేటు దగ్గర గంట నిలబడి ఉన్నాడు.

“ఉన్నాడా?”

“ఉన్నారు.”

“అమ్మయ్య. స్మృ దాకా వచ్చేశానక్కా, అప్పుడు కళ్ళు ముందుకెళ్ళాయి. దాంతో మొదలయ్యే మాట ఇంకోటుంటే మార్చేసేవాణ్ణి. ఒక్కటీ తట్టలేదు. దగ్గాను.” అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఆఫీసరు వచ్చాడు. దగ్గు గురించి అడిగాడు, దుమ్ము అన్నాను. నువ్వూ దుమ్మే అను. కార్డు మార్చి పెట్టేయ్. ఎవరికీ తెలీదు.”

నిజంగానే ఎవరికీ తెలీదు. ఆ ఇంటివాళ్ళు చెప్పరు. కార్డు చింపేసి కొత్తది రాస్తే పావుగంట పని. ఆమె బీరువా దగ్గరికి వెళ్ళి, కార్డు తీసి, అది పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత మే తొమ్మిది అర లాగి వర్ధంతి కార్డు కూడా తీసింది. అదే అరలో ఇంకెవరిదో కార్డు కనపడింది. నల్లసిరా. కింద తన రాత: ‘ఇంటికి ఫోన్ చేశాను. లేరు.’

ఇంకో అర లాగింది. మరొకటి. ఆపేసింది.

ఆఫీసరు ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆమె మాట్లాడినంతసేపూ మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. రెండు కార్డులూ ముందు పెట్టింది.

“నివాళి అనలేదు కదమ్మా,” అన్నాడు చివరికి. “దగ్గుకి నేను మెమో ఇవ్వలేను.”

“దగ్గు గురించి కాదు సార్. ‘లేరు’ అన్న మాట విని సిరాతో రాసేసినవి ఇంకా ఉన్నాయి. ఎన్నో తెలీదు. వాళ్ళలో ఎవరున్నారో, ఎవరు లేరో నాకు తెలీదు.”

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. “ఈ మాట మీరు చెప్పకపోతే బాగుండేది.”

“నాకూ అలాగే ఉంది సార్.”

“విన్నాక విననట్టు ఉండలేను. పైవాళ్ళకి రాయాలి.” కాగితం తీశాడు, రెండు వాక్యాలు రాశాడు, ఆగాడు, మూడోది రాశాడు. తిప్పి ఆమె వైపు పెట్టాడు. సోమవారం నుంచి కార్డులు కంప్యూటర్ల విభాగానికి, ఆమె ఉత్తరాల విభాగానికి. ఆమె రెండుసార్లు చదివింది. ఒక చోట ‘జాగ్రత్త’కు వత్తు పడలేదు. సరిచేసి, కింద అందినట్టు సంతకం పెట్టింది.

“సోమవారం దాకా నావేగా?”

“మీవే.”

“నాలుగు రోజులుంది. ఫోన్లు చేసుకోవాలి సార్. ముందు బయటి ఊరికి ఒకటి.”

బయటి ఊళ్ళకు పలికే ఫోన్ ఆఫీసరు బల్ల మీదే ఉంది, డయలుకు చిన్న తాళం వేసి. అతను సొరుగులోంచి తాళంచెవి తీసి, తనే తాళం విప్పి, ఫోన్‌ను ఆమె వైపు తిప్పాడు. ఫైలేదో చంకలో పెట్టుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

లెఫ్ట్ బ్యాక్ రెండు గంటల ప్రయాణం దూరంలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నంబరు కార్డు మీద నీలం పెన్సిలుతో ఉంది. నాలుగుసార్లు మోగాక ఆయనే ఎత్తాడు.

“రేడియో స్టేషన్ నుంచండీ. జూలైలో మీరొచ్చినప్పుడు…”

“చెప్పమ్మా,” అన్నాడాయన. గొంతు అప్పుడే దిగిపోయింది. “ఈసారెవరు?”

“ఎవరూ పోలేదండీ.”

“మరి?”

వాక్యం ఎటునుంచి మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకుంటూనే వచ్చింది. అనుకున్నదేదీ ఇప్పుడు నోటికి రాలేదు. “గోల్‌కీపర్ గారు ఉన్నారండీ,” అంది. “మేలో ఊరెళ్ళారట. నేను తప్పు విన్నాను. తప్పు నాది. ఇప్పుడే వాళ్ళింటి నుంచి వస్తున్నాను. ఆయన ఉన్నారు.”

అవతల కుర్చీ జరిగింది. ఆమె ఆగకుండా మిగతాదీ చెప్పేసింది.

“మీరే తనని పిలవనివ్వలేదు అనుకున్నారట ఆయన. మీరంతా కలిసి వద్దన్నారని.”

“మేమా?” అన్నాడాయన. “వాడి మొహం. ఆ రోజు వాడు ఆపకపోతే తప్పంతా నాది అయ్యుండేది. పెనాల్టీ ఇచ్చింది నేను కాలు అడ్డం పెట్టినందుకే.” ఊపిరి పీల్చుకున్న శబ్దం. “ఫోన్ నంబరు ఇవ్వు.”

“ఫోన్ పనిచెయ్యట్లేదండీ. తీగ తెగింది. అడ్రసు చెప్తాను. ఇంటి నంబర్లు కూడా మార్చేశారు, ఎలా వెళ్ళాలో చెప్పాలి.”

“ఆగమ్మా, పెన్సిలు తెచ్చుకుంటాను. పెట్టెయ్యకు. అక్కడే ఉండు.”

“ఉన్నానండీ,” అంది.

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, దూరంగా సొరుగులు లాగుతున్న చప్పుడు వినపడింది. ఆమె ఫోన్ చెవి మార్చుకుని, ఆఫీసరు బల్ల అంచున కూర్చుంది.